చింతపండుతో తోమిన జస్టీనియన్

పాత నాణేల సంగతి నాకు బాగా తెలుసని జడ్చర్లలో నలుగురు నమ్ముతున్నారంటే, ఆ ప్రచారం చేసింది నేనే. మన వీపనగండ్లలో బైజాంటైన్ బంగారు నాణేలు దొరికాయని చదివినప్పటి నుంచి, బాదేపల్లి మార్కెట్ యార్డు దగ్గర చాయ్ తాగేవాళ్లకు కాన్‌స్టాంటినోపుల్ కథ వినిపించందే వదిలేవాణ్ణి కాదు. బంగారం పాలమూరు దాకా వచ్చింది సరే, కాన్‌స్టాంటినోపుల్ మామూలు జనం బజార్లో చెల్లించిన రాగి నాణెం ఎట్లుండేదో చూడాలని ఆశ. అమెరికాలో ఉండే మేనల్లుడు ఒక వ్యాపారి దగ్గర కొని తెచ్చిచ్చాడు.

బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్ కాలపు ఫోలిస్ అనే రాగి నాణెం అది. 20 గ్రాముల పైనే తూగింది. ఒకవైపు సూటిగా మనల్నే చూసే చక్రవర్తి, చేతిలో శిలువ నిలిపిన గోళం. రెండోవైపు ఇంత పెద్ద ‘ఎమ్’. చార్మినార్ గుమ్మంలో మహబూబ్ అలీ ఖాన్ పేరుకు గుర్తుగా ‘మీమ్’ వేసిన నిజాం నాణేలు ఎరిగినవాణ్ణి కదా, ఇదీ ఏదో రాజు పేరేనని అందరికీ చెప్పేశాను. నిజానికి అది గ్రీకు అంకె, 40. అనస్తాసియస్ చక్రవర్తి 498లో చిల్లరను చక్కదిద్దినప్పుడు, నుమ్మస్ అనే చిన్న నాణేలు 40 కలిసిన విలువకు వేయించిన గుర్తు.

ఎమ్‌కు ఎడమన ‘అన్నో’, కుడిన పాలనా సంవత్సరం. రాగి మీద అట్లా సంవత్సరం వేయడం జస్టీనియన్ 12వ ఏట, 538-39లో మొదలైంది. నా నాణెం మీద పదికి ఇంటూ గుర్తు, దాని కింద నిలువు గీతలు. రెండైతే ఆ తొలి ఏటిది, మూడైతే మరుసటి ఏటిది. ఆకుపచ్చ పొర కింద సరిగా ఆనలేదు.

దసరా ముందు మా ఆవిడ రాగిచెంబులు తోముతోంది. ఆమె దగ్గరున్న చింతపండు, ఉప్పు అందుకున్నాను. “పాతదాన్ని అట్ల రుద్దొచ్చునా?” అంది. నాణేల గురించి నాకే చెప్పొచ్చిందా అనుకున్నాను.

నేలలో వందల ఏళ్లుగా రాగి మారి మారి ఆ పొరైంది. అడుగున లోహం పాడైపోయినచోట అక్షరాల అంచులు ఆ పొరలోనే నిలిచి ఉంటాయట. పులుపుకు ముందు కరిగేదీ అదే. కడిగి చూస్తే చక్రవర్తి మొహం నిండా స్ఫోటకం మచ్చల్లాంటి గుంతలు. ఎమ్ ఉంది, ఇంటూ ఉంది. గీతల చోటు మాత్రం చదును.

మొన్న మేనల్లుడు వీడియో కాల్‌లో, “మామా, రెండు గీతలా మూడా, జర చూపెట్టు” అన్నాడు. చక్రవర్తి వైపు తిప్పి, కెమెరాకు బాగా దూరంగా పట్టుకుని, ఇక్కడ నెట్ సరిగా లేదన్నాను.