ద్వారకకు ప్యాకేజీ ఇచ్చారా?

నిధుల వేట సినిమాలు తీసేవాళ్లకు ఒక ఉచిత సలహా. విడుదలకు ముందు ఫిల్మ్‌నగర్‌లో పెద్దలకు చూపించుకోండి, విశాఖలో కాలేజీ పిల్లలకు చూపించుకోండి, అమెరికాలో మనవాళ్లకు ఒకరోజు ముందే ప్రీమియర్ వేసుకోండి. చింతూరులో మాత్రం వేయకండి. మీరు పోస్టరు మీద ‘ఒళ్లు గగుర్పొడిచే సాహసం’ అని అచ్చేయించే పనుల్లో సగం, అంటే కొండెక్కడం, వాగు దాటడం, పాముకి దారివ్వడం, చీకట్లో అడవి గుండా నడవడం, మా మండలంలో జనం రేషను బియ్యం తెచ్చుకునే రోజు చేసేవే. వాళ్లచేత ఈల వేయించాలంటే ఇంకేదైనా చూసుకోవాలి.

శబరి ఒడ్డున, మూడు రాష్ట్రాలు కలిసే మూల మాది. ఇటు మారేడుమిల్లి ఘాటు, అటు కూనవరం, కుంట దాకా పోతే ఛత్తీస్‌గఢ్, పక్కకు తిరిగితే ఒడిశా. సెంటర్లో నాకో జిరాక్స్ షాపు. ఆధార్, కులం సర్టిఫికెట్, పోడు పట్టా, పోలవరం పరిహారం కాగితాలు... నా మిషను అద్దం మీద బోర్లా పడుకోని పత్రం ఈ చుట్టుపక్కల లేదు. షాపులో టీవీ కూడా ఉంది గనుక, కరెంటూ నెట్టూ ఒకేసారి ఉన్న అదృష్టపు సాయంత్రాల్లో అది సినిమా హాలైపోతుంది. టికెట్ లేదు. పక్క కొట్లో టీ తాగి తీరాలన్నది ఒక్కటే నియమం. ఆ నియమం పెట్టింది టీ కొట్టు బావ.

2022 దసరాకు ‘కార్తికేయ 2’ జీ5లోకి వచ్చింది. ఆగస్టు 13న అది హాళ్లలో విడుదలైనప్పుడు మావాళ్లకు చూసే తీరిక లేదు. జూలై వరద వదిలిపెట్టిపోయిన బురదను గోడల మీంచి గీకుతున్నారు. సినిమా గురించి మాత్రం అందరూ విన్నారు. నిఖిల్ హీరో, చందూ మొండేటి దర్శకుడు, 2014లో వచ్చిన ‘కార్తికేయ’కు రెండో భాగం. ఖర్చు 15 కోట్ల చుట్టూ అని పత్రికలు రాశాయి. పెద్ద సినిమాల లెక్కలో అది చిల్లర. హిందీలో కొద్ది హాళ్లలోనే మొదలై, చూసినవాళ్ల నోటిమాటతో రోజురోజుకూ పెరిగి ఉత్తరాదిని ఊపేసింది. తర్వాత, 2024లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో, ఉత్తమ తెలుగు చిత్రం కూడా అయింది. కథ ఒక్క ముక్కలో: కృష్ణుడి కాలి కడియం ఎక్కడో దాగి ఉంది, దాన్ని వెతుక్కుంటూ ఒక డాక్టరు ద్వారకలో మొదలుపెట్టి హిమాచల్ మంచుకొండల దాకా పోతాడు.

కడియం అనగానే మొదటి అభ్యంతరం లేచింది. సంతలో చింతపండు, అడ్డాకులు అమ్మే అత్త అడిగింది.

“ఎన్ని తులాలు?”

“అత్తా, అది దేవుడి కడియం.”

“దేవుడిదైతే తూకం ఉండదా? సరే, అందరూ ఒక్కదాని ఎనకే పడుతున్నారు. రెండోది ఏదీ?”

సరిగ్గా అప్పుడే నెట్టు పోయింది. తెర మీద హీరో నోరు తెరిచి నిలబడిపోయాడు. ఆ ప్రశ్నకు అతని దగ్గర కూడా జవాబు లేదని అందరికీ రూఢి అయింది. “రెండోది మూడో భాగానికి దాచారులే అత్తా” అని బావ సర్దబోయాడు. ఆవిడ సర్దుకునే మనిషి కాదు. జత లేని కడియాన్ని షావుకారు సగం ధరకు కూడా తీసుకోడని, అంత చదువుకున్న డాక్టరుకు ఆ మాత్రం బేరం తెలియకపోవడం ఏమిటని తేల్చేసి, ఇంకో టీ చెప్పింది.

రెండో అభ్యంతరం రాయపూర్ పోతూ టైరు పంక్చరై ఆగిన లారీ డ్రైవరు తమ్ముడిది. “అన్నా, గుజరాత్‌లో మొదలెట్టి హిమాచల్ దాకా పోయాడు. దారిలో ఒక్క చెక్‌పోస్టులో ఒక్కడైనా బ్యాగు విప్పమన్నాడా?” నిజమే. మా దగ్గర మామిడికాయల సంచి పట్టుకుని పక్క ఊరు పోయొచ్చినా ఎక్కడి నుంచి, ఎక్కడికి, సంచిలో ఏముంది అని అడుగుతారు. సరిహద్దు ఊరు మరి, తప్పదు. ఇంతమంది శత్రువులు వెంటపడుతున్న మనిషి ఆధార్ కార్డు చూపించకుండా ఇన్ని రాష్ట్రాలు దాటాడంటే కృష్ణుడి మహిమ అక్కడే ఉందని తమ్ముడి నమ్మకం. అనుపమ్ ఖేర్ అంధ పండితుడిగా వచ్చి కృష్ణతత్వం గురించి అంత గొప్పగా చెప్పినా తమ్ముడికి ఎక్కలేదు గానీ, చెక్‌పోస్టు దగ్గర మాత్రం భక్తి కలిగింది.

రోడ్డు పనికి వచ్చిన జేసీబీ ఆపరేటరుది వృత్తిపరమైన బాధ. “ఇంత తిరుగుడెందుకు సార్? ఒక్క బండి పెడితే ఇంటర్వెల్లోపే తేలిపోయేది.” పురావస్తు తవ్వకం అంటే అది కాదని చెప్పాను. నేలను చదరాలుగా గీసుకుని, చిన్న తాపీతో, బ్రష్షుతో పొర తర్వాత పొర తీస్తారని, దొరికిన ప్రతి కుండపెంకూ ఎంత లోతులో ఉందో రాసుకుంటారని, చోటు తప్పితే పెంకు మూగదైపోతుందని వివరించాను. ఉన్నదున్నట్టు సినిమా తీస్తే ఆరు నెలలు నడవాలి, క్లైమాక్సులో దొరికేది ఇంకో పెంకు. తెలుగు నేల మీద మనకు అలవాటైన తవ్వకం వేరు. పాత గుడి ఉన్నచోటల్లా గుప్తనిధుల కేసు ఒకటి పేపర్లో వస్తూనే ఉంటుంది: నాలుగు నిమ్మకాయలు, పసుపు కుంకుమ, ఒక స్వామి, ఒక అద్దె జేసీబీ. ఈ మాటకు ఆపరేటరు కొంచెం ఇబ్బందిగా కదిలి, “నన్నూ ఒకడు అడిగాడు సార్. రాత్రిపూట డబుల్ రేటన్నాను, మళ్లీ కనపడలేదు” అన్నాడు.

అసలు దెబ్బ కోయ తాత కొట్టాడు. ఏరు అవతలి ఊరు ఆయనది, కాగితం పని మీద వచ్చి చివరి బస్సు పోవడంతో ఆగిపోయాడు. సినిమాలో అభీరులనే తెగ ఉంటుంది. కడియం జోలికి వచ్చేవాళ్లను వాళ్లు వేటాడుతుంటారు. వాళ్లు కనపడినప్పుడల్లా గుండెలదిరే సంగీతం వస్తుంది. తాత చాలాసేపు చూసి, మెల్లగా అడిగాడు.

“వాళ్లేం జేసిర్రు బిడ్డా?”

“విలన్లు తాతా. హీరోను ఆపుతున్నారు.”

“అడక్కుండ వచ్చి తీసుకపోయేటోణ్ణి ఆపరా మరి? గ్రామసభ పెట్టిండా ఆ డాక్టరు? తీర్మానం ఉందా?”

పెసా చట్టం వచ్చింది 1996లో. ఏజెన్సీలో ఏ పనికైనా ముందు గ్రామసభ అన్న మాట మా తాతలకు కంఠతా వచ్చు. దాన్ని ద్వారక దాకా లాగుతారని మాత్రం ఊహించలేదు. మాజీ ఫారెస్టు గార్డు మామ కూడా తాత పక్షమే చేరి, రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా కాలు పెడితే హీరో అయినా కేసేనన్నాడు. కాసేపటికి మా షాపు ముందు జనమంతా అభీరుల వైపు తిరిగిపోయారు. హీరో తప్పించుకున్న ప్రతిసారీ “అయ్యో!” అని వినిపించింది. దర్శకుడు ఉద్దేశించిన ‘అయ్యో’ అది కాదు.

ఇంతకీ నిధి దొరికితే ఎవరికి చెందుతుందని ఎవరో అడిగారు. కాగితాల మనిషిని గనుక అందరూ నా వైపు చూశారు. దానికి బ్రిటిష్ వాళ్లు 1878లోనే చట్టం చేసిపెట్టారు. భూమిలో 10 రూపాయలకు మించిన విలువున్న నిధి దొరికితే వెంటనే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. విచారణలో అది వందేళ్లకు పైగా దాగి ఉన్నదనీ, సొంతదారు ఎవరూ లేరనీ తేలితే, ప్రభుత్వం తనకు అక్కర్లేదనుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికించుకున్నవాడికి ముప్పావు వంతు, భూమి యజమానికి పావు వంతు. పది రూపాయలంటే ఇప్పుడు బావ కొట్లో ఒక టీ. ఆ లెక్కన బెంచీ కింద పడిపోయిన ఇరవై నోటుకు కూడా కలెక్టరు దాకా పోవాలేమోనని బావ కంగారుపడ్డాడు.

ఇక్కడే చింతూరు వాళ్లకు సినిమాకన్నా పెద్ద సాహసం కనిపించింది. మా మండలం కదలకుండా కూర్చుని జిల్లాలు మారుతుంటుంది. ఖమ్మంలో ఉండేవాళ్లం, 2014లో తూర్పుగోదావరి అయ్యాం, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాం. అప్పటి జిల్లా కేంద్రం పాడేరు. ఘాట్లు ఎక్కి దిగి, బస్సులు మారి, దరఖాస్తుతో పాడేరు చేరి, సార్ మీటింగులో ఉన్నారని విని, రాత్రి అక్కడే ఉండి తిరిగొచ్చే ఖర్చుకు ఆ ముప్పావు వంతు చాలదని లారీ తమ్ముడు లెక్కగట్టాడు. నిధి ఎక్కడ దొరికితే అక్కడే కప్పెట్టేయడం లాభమని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

అయినా సినిమా వాళ్లకు నచ్చలేదనుకోకండి. ద్వారక మునిగిపోయిందన్న మాట దగ్గర ఒక్కరూ కదల్లేదు. మర్నాడు జిరాక్సులకు వచ్చినవాళ్లు కూడా ఆ మాటే ఎత్తారు. సముద్రంలో ఊరు కోసం నిజంగానే వెతికారని చెప్పాను. 1980లలో ఎస్.ఆర్. రావు గారి ఆధ్వర్యంలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు ద్వారక దగ్గర నీళ్లలోకి దిగి గోడల రాళ్లు, రాతి లంగర్లు చూశారు. అది కృష్ణుడి ద్వారకేనా కాదా అన్న వాదన పండితుల మధ్య ఇంకా నడుస్తోంది. మావాళ్లకు ఆ వాదన పట్టలేదు. వాళ్ల ప్రశ్నలు వేరు.

“ద్వారక ఏ కాంటూరులో ఉంది?”

“ప్యాకేజీ ఇచ్చారా?”

“కటాఫ్ డేటు ఎప్పుడు పెట్టారు? అప్పటికి పద్దెనిమిది నిండని యాదవుల సంగతేంటి?”

ఇవి నవ్వులాటకు అడిగినవి కావు. పోలవరం ముంపులో ఉన్న మండలం మాది. 41.15 కాంటూరు, 45.72 కాంటూరు అన్న అంకెలు మా దగ్గర పిల్లలకు ఎక్కాలకన్నా ముందొస్తాయి. మొదటిది ప్రాజెక్టు తొలి దశలో నీళ్లు నిలబెట్టే మట్టం, రెండోది మలి దశది. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరి, శబరి ఎగదన్నినప్పుడు, నీళ్లు ఏ జాబితా చూసుకోకుండా అన్ని కాంటూర్ల ఇళ్లలోకీ వచ్చాయి. అందుకే మునిగిన నగరం అనగానే మావాళ్లకు ఇతిహాసం గుర్తుకు రాదు, సర్వే గుర్తుకొస్తుంది. అత్త అడిగిన ప్రశ్నకైతే పునరావాస అధికారులెవరైనా జవాబు చెప్పాలి: “కృష్ణుడికి పదహారు వేల ఎనిమిది మంది గదా. ఒక్కొక్కరినీ ఒక్కో కుటుంబం కింద రాస్తారా, అందరినీ కలిపి ఒక్కటేనా? ఎట్లా రాసినా సత్యభామ పేరు జాబితాలో ఎగిరిపోయి ఉంటది, సూడు.”

మా చుట్టుపక్కల నిజమైన పురావస్తు కథ కూడా నడిచింది. పోలవరం ముంపు ప్రాంతంలోని రుద్రమకోట దగ్గర పురావస్తు శాఖ తవ్వి బృహత్ శిలాయుగపు సమాధులు బయటపెట్టింది. వేల ఏళ్ల కిందట పోయినవాళ్ల సర్వే అయితే పూర్తయిందన్నమాట. ఈ సంగతి చెబితే తాత నవ్వాడు. కోయల్లో పోయినవాళ్ల గుర్తుగా రాయి నిలబెట్టే ఆచారం ఇప్పటికీ ఉంది. “నిరుడు మేం పెట్టిన రాయిని కూడా ఏ యుగందంటరో!” అన్నాడు.

నాకు ఇంకో భయం. ఏ వెయ్యేళ్లకో ఇక్కడ ఎవరైనా నీళ్లలోకి దిగి నా జిరాక్స్ మిషను బయటికి తీస్తారు. ఈ తెగ వెలుగు వచ్చే పెట్టెను కొలిచేదని, ప్రతి కుటుంబమూ తన బొమ్మ ఉన్న కాగితాన్ని మూడేసి ప్రతులు సమర్పించుకునేదని, అయినా దేవుడు కరుణించినట్టు ఆధారాల్లేవని ఒక పండితుడు థీసిస్ రాస్తాడు. అందులో ఒక్క ముక్క కూడా తప్పు ఉండదు.

ఇదంతా విని చిన్న ఖర్చు సినిమాను ఆడిపోసుకుంటున్నామని అనుకోవద్దు. డబ్బు కుమ్మరించినవాళ్లు ఏం ఉద్ధరించారో కూడా చూశాం. 1984లో హాలీవుడ్ వాళ్లు ఇండియానా జోన్స్ రెండో సినిమా కథను మన దేశంలో పెట్టుకున్నారు. కథ చూసి మన ప్రభుత్వం షూటింగుకు ఒప్పుకోకపోతే శ్రీలంకలో తీసుకున్నారు. అందులో మన రాజావారి విందులో చల్లార్చిన కోతి మెదడు వడ్డిస్తారు. ఆ ముక్క టీ కొట్టు బావకు చూపిస్తే, “అంత డబ్బుంది, ఒక్క పూట వచ్చి మన ఇంట్లో తిని పోవాల్సింది” అన్నాడు. ఇంకోపక్క, ఆ వరుసలో మొదటి సినిమాను అమెరికాలోని మిసిసిపీలో కొందరు పిల్లలు 1982లో సొంతంగా మళ్లీ తీయడం మొదలుపెట్టి, వేసవి సెలవుల్లో తీసుకుంటూ పోయి 1989కి దాదాపు అంతా పూర్తి చేశారు. ఖర్చు వాళ్ల పాకెట్ మనీ. దాన్ని లోకం నెత్తిన పెట్టుకుంది. చేతిలో డబ్బు లేకపోవడం తప్పు కాదని జనానికి తెలుసు.

చింతూరు తీర్పు కూడా అదే. గ్రాఫిక్సు మంచు దూదిలా ఉన్నా ఊరుకుంటాం, గుహ అట్టదని తెలిసినా ఈల వేస్తాం. కొండ ఎవరిదో వాళ్లను ఒక్క మాట అడగకుండా ఎక్కేవాణ్ణి మాత్రం హీరో అని ఒప్పుకోం.

కాబట్టి నిర్మాతలారా, పక్కనున్న మారేడుమిల్లి అడవిలో ‘పుష్ప’ తీసుకుని వెళ్లారు, ఇంకో నలభై మలుపులు దిగి మా దాకా రండి. ఇక్కడ కొండలున్నాయి, ఏరుంది, విల్లు పట్టడం నిజంగా వచ్చినవాళ్లున్నారు, బావ టీ ఉంది. కడియాలు జతగానే దొరుకుతాయి. ముందు గ్రామసభ పెట్టండి. కాస్త త్వరగా రండి, 45.72 కాంటూరు దాకా నీళ్లు నిలబెట్టాక మీకు కావాల్సింది హీరో కాదు, గజ ఈతగాడు.