పట్టువిడుపులు

లోకమున కష్టపడి నేర్వదగిన విద్యలు పెక్కు గలవు గాని, కఱ్ఱ పట్టుకొనుట వానిలో నొకటియని ఏబది రెండవ యేటివరకును నాకు తెలియలేదు. చిన్ననాట బిళ్ళంగోడాడితిని, వీధికుక్కల నదలించితిని, పెరటి చెట్టున జామకాయలు దోటితో రాల్చితిని, ఈ సందర్భములలో నెన్నడును నా చిటికెనవ్రేలు ఎచ్చటనున్నదని యడిగిన పుణ్యాత్ముడు లేడు. ఉద్యోగమున నొక మెట్టు పైకెక్కి, ఆ మెట్టుమీదివారు ఆదివారమున గోల్ఫ్ ఆడవలెనను ఆచారమునకు లోబడి, రుసుము చెల్లించి యొక గురువుగారి నాశ్రయించిన పిమ్మటనే గదా, నా రెండు చేతులును ఇన్నాళ్లు అజ్ఞానాంధకారమున బడియున్నవని బయటపడినది!

గురువుగారు మొదటనే యభయమిచ్చిరి. "అందరికీ ఒకే గ్రిప్పు పనికిరాదు సార్. మీ చేతికి సుఖంగా, మీ స్వింగుకు తగినట్టు ఉండేదే మీ గ్రిప్పు" అనిరి. ఇంతటి ఉదారమతము మన వైష్ణవ శైవములలో సయితము కానరాదే యని సంతసించి, నాకు సుఖముగా దోచినట్లు కఱ్ఱను అరచేతినిండ పట్టుకొంటిని. శ్రాద్ధభోక్త విస్తరిలో ఉల్లిపాయను చూచినట్లు గురువుగారి ముఖము మారెను.

"అది తప్ప, సార్."

మిగిలినవి మూడని తేలినది. కుడిచేతి చిటికెనవ్రేలు ఎడమచేతి వ్రేళ్లపై నెక్కి కూర్చుండునది మొదటిది; దానికి వార్డన్ పట్టని పేరు. 1896 మొదలు 1914 వరకు బ్రిటిష్ ఓపెన్‌ను ఆరుమారులు గెలిచిన హ్యారీ వార్డన్ దానికి ప్రచారకుడు. ఆయనకు ముందే లెయిడ్లే యను స్కాట్లండు ఔత్సాహికుడు అట్లే పట్టి యాడుచుండెను గాని, కీర్తి గెలిచినవాని యింటి పేరునే వెదకికొని పోవును గదా! అదే చిటికెనవ్రేలు ఎడమ చూపుడువ్రేలితో పెనవైచుకొనునది రెండవది. జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ అట్లే పట్టిరి. పది వ్రేళ్లును కఱ్ఱమీదనే యుండునది మూడవది. దానిని పంక్తికి వెలుపల కూర్చుండబెట్టిన బంధువువలె చూతురు. కావున నాకనుగ్రహింపబడిన స్వాతంత్ర్యమంతయు ఒక చిటికెనవ్రేలి మేర: అది పైనెక్కవచ్చును, పెనగవచ్చును, ఊరక పడియుండవచ్చును.

పెనవైచితిని. నలువది బంతులు కొట్టునప్పటికి వ్రేళ్లసందు చర్మము రేగి మండజొచ్చెను. "సుఖముగా లేదండీ" యని విన్నవించితిని. "మంచిదే సార్! మొదట ఇబ్బందిగా ఉందంటే కరెక్టుగా పట్టుకున్నారన్నమాట" అనిరి. సుఖము సరియైన పట్టునకు లక్షణమట. అసుఖము దానికి నిదర్శనమట. కొండమీద పొగ లేదు గనుక నిప్పు గలదని సాధించు ఈ నూతన తర్కమును వినుటకు మన నైయాయికులు బ్రదికి యుండకపోవుట వారి యదృష్టము.

పరిభాష యింకొక వింత. బలమైన పట్టు అనగా గట్టిగా పట్టుట కాదు, చేతులను కుడివైపునకు త్రిప్పి పట్టుట. బలహీనమైన పట్టు అనగా వదులుగా పట్టుట కాదు, ఎడమవైపునకు త్రిప్పుట. ఎడమచేతి కణుపులు రెండు కనబడిన సాధారణము, మూడు నాలుగు కనబడిన బలము, ఒకటే కనబడిన దౌర్బల్యము. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నేర్పడు గీత, కుడి భుజమును చూడవలెనని కొందరి మతము. ఎడమచేతి గీత కుడికన్నును, కుడిచేతి గీత గడ్డమును చూడవలెనని 1957లో వచ్చిన, బెన్ హోగన్ అను మేటి ఆటగాని గ్రంథపు మతము. ఇక ఎంత బిగువుగా పట్టవలెననగా, పక్షిపిల్లను పట్టినట్లు, అది ఎగిరిపోకుండ, నలుగకుండ పట్టవలెనని శామ్ స్నీడ్ అను మఱియొక మేటి ఆటగాడు చెప్పినట్లు లోకోక్తి. చెప్పుటకు మృదువుగనే యున్నది గాని, అట్లు పట్టిన పక్షిని గంటకు నూరు మైళ్లకు సమీపమైన వేగమున త్రిప్పి నేలమీది బంతిని కొట్టుమనుట ఏ జీవకారుణ్యము?

పరిహాసమునకు హద్దుండవలెను గనుక నిజము నొప్పుకొందును. బంతికిని కఱ్ఱకును స్పర్శ సెకనులో సహస్రాంశమైనను ఉండదు. ఆ లిప్తలో కఱ్ఱమొగము ఎటు చూచుచున్నది, ఎటునుండి ఎంత వేగమున వచ్చినది అనునదియే బంతికి కావలసినది. చేయి తిరిగినట్లు మొగము తిరుగును. కుడిచేతివాటము వానికి మొగము తెఱచుకొని వచ్చెనా, బంతి కుడికి వంగి చెట్లలో దూరును. హోగన్‌కు తొలినాళ్ల వ్యాధి దీనికి విపరీతము: బంతి ఎడమకు కొంకికఱ్ఱవలె వంగెడిది. ఆ జాడ్యము కుదుర్చుకొనుటకు చేతులను బలహీనస్థానమునకు జరుపుకొనెను. అది ఆ రోగికి ఆ రోగమునకు ఆ వైద్యము. మహానుభావుడు సేవించెనను ఒక్క కారణమున, ఆ మందునే కుడికి వంగు రోగముగల నాబోటి సామాన్యులకు గ్రుక్కపట్టి త్రాగించుచున్న గురువులనేమందుము? విరేచనములతో మంచమెక్కినవానికి ఆముదము పట్టించిన మంత్రసానికిని వీరికిని భేదము, ఆమె రుసుము తక్కువ.

ఇక ఎన్నటికిని తప్పనదగిన పట్టొకటి మిగిలినది: కుడిచేతివాటము వాడు ఎడమచేతిని క్రిందను, కుడిచేతిని పైనను ఉంచుట. మద్రాసు రేవునుండి మన తెలుగు కూలీలను సయితము ఓడలలో కొనిపోయిన దక్షిణాఫ్రికా నేటాలులో, డర్బన్ నగరమున, పాప్వా సెవ్‌గోలం అను భారత సంతతివాడు ఇట్లే పట్టెను. చదువెఱుగడు, ఇతరుల సంచులు మోసిన కేడీ, గురువు లేడు, గనుక తప్పని చెప్పినవాడును లేడు. ఆ తలక్రిందుల పట్టుతో 1959, 1960, 1964 సంవత్సరములలో డచ్ ఓపెన్ గెలిచెను. 1963లో నేటాల్ ఓపెన్ గెలిచినప్పుడు, వర్ణభేదశాసనములవలన క్లబ్బు భవనములో అడుగిడ వీలులేక, తెల్లవారు లోపల నుండగా, వెలుపల వానలో నిలిచి కప్పునందుకొనెను. 1965లో అదే పోటీలో జగత్ప్రసిద్ధ ఆటగాడైన గ్యారీ ప్లేయర్‌ను వెనుకవైచెను. పిమ్మట ఆ దేశప్రభుత్వము ఆయనను పోటీలకే రానీయలేదు. కారణము చేతుల వరుస కాదు, చర్మపు రంగు.

ఈ కథ విన్నవించి, "వానలో తడిసిన చేతులతో ఆయన ఆ కప్పును ఏ గ్రిప్పున పట్టుకొనెనండీ?" యని గురువుగారి నడిగితిని. ఆయన గడియారము చూచుకొని, ఆ గంటకు రావలసిన రుసుము పుచ్చుకొని, ఐదువ్రేళ్లతో భద్రముగా జేబులో పెట్టుకొని వెడలిపోయిరి.