కీరా, కుక్కరు, ఒక సర్కారు

లూటన్ ఊళ్లో నాలుగేళ్ల పిల్లాడొకడు బొమ్మ గీశాడు. ఒకాయన పెద్ద కత్తితో కీరా కోస్తున్నాడు. ఇదేమిట్రా అని నర్సరీలో అడిగితే, 'క్యుకంబర్' అనబోయాడు. నోరింకా తిరగని వయసు. విన్నవాళ్లకు 'కుక్కర్ బాంబ్' అని వినపడింది. మన పంతులమ్మ అయితే కుక్కర్ అన్నమాట చెవిన పడగానే, మీ అమ్మ ఎన్ని విజిల్స్ రానిస్తుందిరా అని అడిగి ఊరుకునేది. కానీ అది బ్రిటన్. పైగా పిల్లాడు ముస్లిం. వ్యవహారం పోలీసులూ, సంక్షేమ శాఖ వాళ్లూ కలిసి కూర్చునే కమిటీ దాకా వెళ్లింది. ఏ చర్యా అక్కర్లేదని చివరికి పెద్దలు తేల్చారు. 2016 మార్చిలో సంగతి పత్రికలకెక్కింది. కీరా ముక్కల శాండ్‌విచ్ నంజుకుంటూ టీ తాగడమే నాగరికత అని లోకానికి నేర్పిన దేశం అది. అక్కడ కీరా మీదే అనుమానం వచ్చిందంటే కాలం మారిందనే అనుకోవాలి.

ఆ నర్సరీ వాళ్లను తిట్టి లాభం లేదు. 2015లో చేసిన ఉగ్రవాద నిరోధక చట్టం బడికి, ఆసుపత్రికి, విశ్వవిద్యాలయానికి, పాలపళ్ల పిల్లల నర్సరీకి కూడా ఒకే విధి అప్పజెప్పింది. ఎవరైనా తీవ్రవాదం వైపు జారుతున్నట్టు కనిపిస్తే ఉపేక్షించకూడదు. పథకం పేరు 'ప్రివెంట్'. ముక్కు తుడవడం, మూతి తుడవడం, ముందస్తుగా ఉగ్రవాదిని పసిగట్టడం, మూడూ ఆయమ్మ పనే. పసిగట్టడమంటే పసివాళ్లను పట్టడం అనుకుంది కాబోలు.

ఇంతటి పాముచెవుల ప్రభుత్వానికి కొన్ని శబ్దాలు మాత్రం అస్సలు వినపడవు. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ లండన్ వీధుల్లో నడిచినవాళ్లు పోలీసుల లెక్కలోనే ఏడున్నర లక్షలు. వినపడలేదు. ఇరాక్ మీద పడితే అల్ ఖైదా ముప్పు మరింత పెరుగుతుందని అదే నెలలో సొంత నిఘా కమిటీ రాసిచ్చింది. అదీ వినపడలేదు. అప్పుడు సర్కారు పత్రికలకు పంచిన 'రహస్య సమాచారం'లో పెద్ద భాగం ఎవరో విద్యార్థి రాసిన వ్యాసంలోంచి మక్కికి మక్కి దించింది, తప్పులతో సహా. బడిలో పిల్లాడు ఆ పని చేస్తే గోడకుర్చీ వేయిస్తారు. ఇక్కడ సైన్యాన్ని పంపారు.

2005 జులై 7న లండన్ రైళ్లలో, బస్సులో నలుగురు కుర్రాళ్లు 52 మందిని చంపారు. అది హత్యాకాండ. దానికి ఏ సమర్థనా లేదు. అయితే అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ గారికి మరో సంగతి కూడా ఖాయంగా తెలుసు: దీనికీ ఇరాక్‌కీ ఏ సంబంధమూ లేదు! ఎవరూ అడక్కముందే భుజాలు తడుముకోవడం గుమ్మడికాయల దొంగలకు మన సామెత ఇచ్చిన హక్కు. కీరాల దేశంలోనూ అది చెల్లుతుందని అప్పుడే తెలిసింది. ఐదేళ్ల తర్వాత, యుద్ధకాలంలో నిఘా సంస్థ ఎంఐ5కు అధిపతిగా ఉన్న ఎలైజా మానింగమ్ బుల్లర్ ఇరాక్ యుద్ధం మీద వేసిన విచారణ సంఘం ముందు కూర్చుని, ఇరాక్ దాడితో ముప్పు బాగా పెరిగిందని, ఒక తరంలో కొందరు కుర్రాళ్లు అటు మళ్లడానికి అదే దోహదపడిందని చెప్పింది. ఆవిడ బొమ్మలేమీ గీయలేదు. ఏ ముద్దుమాటా పలకలేదు. స్పష్టమైన దొరసాని ఇంగ్లీషులో చెప్పింది.

ఆ విచారణ ఏడేళ్లు నడిచింది. 26 లక్షల మాటల నివేదిక, 12 సంపుటాలు. శాంతి మార్గాలు ఇంకా మిగిలుండగానే యుద్ధానికి దిగారని తేల్చింది. బ్లెయిర్ గారిని ఏ కమిటీకి అప్పగించారంటారా? 2022లో ఆయనకు 'ఆర్డర్ ఆఫ్ ది గార్టర్' బిరుదిచ్చారు. గార్టర్ అంటే మేజోడు జారకుండా కట్టే పట్టీ. జారిపోయేవాళ్లను ఆపడానికి వాళ్ల దగ్గర మరో పథకం కూడా ఉందన్నమాట.

మరి తీవ్రవాద రోగం ఎక్కడుంది? ముస్లిం ఆడవాళ్లకు ఇంగ్లీషు రాకపోవడంలో ఉందని 2016 జనవరిలో అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ కనిపెట్టాడు. నేర్చుకోకపోతే దేశంలో ఉండనిచ్చేదీ లేనిదీ చూస్తామని బెదిరించి, పాఠాలకు 2 కోట్ల పౌండ్లు ప్రకటించాడు. అంతకు ముందు ఏడాది అదే సర్కారు ఆ పాఠాల పద్దులోంచే 4.5 కోట్ల పౌండ్లు కోసేసింది. గోవును చంపి చెప్పులు దానం చేయడం గురించి వినే ఉంటారు. ఇక్కడ ఒక చెప్పే ఇచ్చి, రెండు కాళ్లకూ తొడుక్కోమన్నారు.

బ్రిటిష్ సర్కారుకు ముస్లింలంటే గిట్టదనేవాళ్లు మాత్రం అన్యాయం మాట్లాడుతున్నారు. 2015 జనవరిలో సౌదీ రాజు అబ్దుల్లా పోతే లండన్‌లో ప్రభుత్వ భవనాల మీద జెండాలు సగానికి దించారు. ప్రధాని, యువరాజు విమానమెక్కి పరామర్శకు పరిగెత్తారు. ముస్లిం అయితే ఏం, యుద్ధ విమానాలు కొనేవాడు వేరు, టాక్సీ నడిపేవాడు వేరు. ఆ విమానాలు యెమెన్ మీద బాంబులు కురిపించాక, ఆయుధాల అనుమతులిచ్చిన పద్ధతి చట్టవిరుద్ధమని 2019లో అప్పీలు కోర్టు చెప్పింది. ఏడాది దాటగానే సర్కారు లెక్కలు చూసుకుని, చట్టం తప్పిన దాడులేవైనా ఉంటే అవి ఎక్కడికక్కడ విడివిడిగా జరిగిన ఘటనలే తప్ప ఒక తీరంటూ లేదని చెప్పి మళ్లీ అమ్మకం మొదలుపెట్టింది. యెమెన్‌లో ఎన్ని బాంబులు పడ్డా విడివిడి. లూటన్‌లో ఒక్క బొమ్మ గీస్తే ధోరణి.

ఇంతలో బోరిస్ జాన్సన్ అనే పెద్దమనిషి 2018లో, బుర్ఖా నిషేధం వద్దంటూనే, అది వేసుకున్నవాళ్లు తపాలా డబ్బాల్లా ఉంటారని పత్రికలో రాశాడు. ఈయన ముత్తాత అలీ కెమాల్, ఒట్టోమన్ టర్కీలో పేరున్న ముస్లిం పాత్రికేయుడు. మరుసటి ఏడు జాన్సన్ ప్రధాని అయ్యాడు. మునిమనవడి కోసం ఏ ఆయమ్మా ఫారం నింపలేదు.

ఇక చివరిది వెటకారానికి లొంగదు. 2024 జులై 29న సౌత్‌పోర్ట్‌లో పదిహేడేళ్ల కుర్రాడు డాన్స్ క్లాసులో చొరబడి ముగ్గురు ఆడపిల్లల్ని పొడిచి చంపాడు. వీడి గురించి ప్రివెంట్‌కు అంతకు ముందే మూడుసార్లు ఫిర్యాదు వెళ్లింది. భావజాలమేదీ స్పష్టంగా లేదని మూడుసార్లూ ఫైలు మూశారు. బొమ్మలో కత్తిని పట్టుకున్న పథకానికి చేతిలో కత్తి చిక్కలేదు. హంతకుడు పడవలో వచ్చిన ముస్లిం అని పుకారు లేచింది. వాడు పుట్టింది బ్రిటన్‌లోనే, కార్డిఫ్‌లో, ముస్లిం కానే కాదు. అయినా మర్నాటి సాయంత్రం గుంపు వెళ్లి అక్కడి మసీదు మీద ఇటుకలు రువ్వింది, గోడ కూలగొట్టింది.

తెల్లారేసరికి ఊళ్లోవాళ్లు చీపుళ్లు పట్టుకుని వచ్చారు. తాపీమేస్త్రీలు సిమెంటు తెచ్చి, పైసా తీసుకోకుండా ఆ గోడ మళ్లీ కట్టారు. ఇలాంటి ధోరణి కనబడితే ఎవరికి తెలియజేయాలో, సర్కారు ఇంకా ఫారం అచ్చువేయలేదు.