గడియారం చెవి మెలేసిన దేశం

అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం మన ఇళ్లలోనే ఉందనుకున్నాను. అమెరికాలో అది చట్టం. పొద్దుండగానే ఇల్లు చేరాలంటే ఆఫీసు ఒక గంట ముందు మొదలెట్టి ముందే వదిలిపెట్టమని యజమానిని అడగాలి. అడిగే గుండె ఎవరికుంది? అందుకని నోరులేని గడియారాన్ని పట్టుకుని చెవి మెలేశారు. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు కావాల్సింది మూడవుతుంది. పోయిన ఆ గంట నవంబరు మొదటి ఆదివారం, వడ్డీ లేకుండా, తిరిగొస్తుంది. ఈ తతంగానికి పేరు పగటి వెలుగు పొదుపు! పొద్దుటి కుండలో నీళ్లు సాయంత్రం కుండలో పోసి చెరువు నిండిందని టముకు వేయించడం ఇది.

దీని వంశం ఇంకా ఘనం. 1895లో న్యూజిలాండ్ పోస్టాఫీసు ఉద్యోగి జార్జ్ హడ్సన్ గడియారాన్ని ఏకంగా రెండు గంటలు జరపమన్నాడు. డ్యూటీ దిగాక పురుగులు పట్టుకోవడానికి ఆయనకు వెలుగు కావాలి. తర్వాత ఇంగ్లండులో ఇళ్లు కట్టించే విలియం విల్లెట్, ఉదయం గుర్రమెక్కి షికారు వెళ్తే జనం ఇంకా తెరలు దించుకుని పడుకున్నారని కడుపు మండి, 1907లో కరపత్రం వేశాడు. ఎవరూ వినలేదు. 1916లో యుద్ధానికి బొగ్గు మిగలాలని జర్మనీ వింది, దాని వెనకే అమెరికా వింది.

పురుగులు, గుర్రపు షికారు, ఫిరంగులు. ఇందులో రైతు ఎక్కడున్నాడు? అయినా ఇదంతా రైతుల కోసమేనని అమెరికాలో చాలామంది నేటికీ నమ్ముతారు. నిజానికి 1919లో ఆ రైతులే పోరాడి, అధ్యక్షుడు విల్సన్ వీటోను కూడా తోసిరాజనిపించి, దీన్ని రద్దు చేయించారు. ఆవుకు గడియారం చూడటం రాదు కదా, పొదుగు నిండితేనే అరుస్తుంది.

రద్దయినది తర్వాత మళ్లీ వచ్చి కూర్చుంది. పోనీ కరెంటైనా మిగిలిందా? 2006లో ఇండియానా రాష్ట్రమంతా ఇందులో చేరాక ఆర్థికవేత్తలు బిల్లులు తిరగేశారు. ఇళ్లలో వాడకం ఒక శాతం దాకా పెరిగింది. దీపం దగ్గర మిగిల్చింది ఏసీ తాగేసింది. ఆ మరుసటేడే పొదుపు గడువు నవంబరు దాకా సాగింది, పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయిలడిగే హాలోవీన్ సాయంత్రం వెలుగులోకొచ్చింది. మిఠాయి వ్యాపారుల చిరకాల వాంఛ తీరింది. వాళ్లది మాత్రం నికరమైన పొదుపు.

ఏడాది పొడవునా ముందుకే జరిపి ఉంచితే గొడవ వదులుతుంది కదా అంటారా? అదీ అయింది. చమురు కరువులో నిక్సన్ సంతకం పెడితే 1974 జనవరిలో పిల్లలు చిమ్మచీకట్లో టార్చిలైట్లు పట్టుకుని బడికెళ్లారు. అక్టోబరుకల్లా చట్టసభ లెంపలేసుకుంది. లెంపల మంట ఎన్నాళ్లుంటుంది? 2022 మార్చిలో సెనేట్ అదే మందును మళ్లీ, ఒక్క అభ్యంతరమైనా లేకుండా ఆమోదించింది. ఆ ఏడాది ప్రతినిధుల సభ దాన్ని ఓటుకే పెట్టలేదు. నిద్ర వైద్యులేమో ఆపడమంటూ జరిగితే పాత సమయం దగ్గరే ఆపమంటున్నారు. మార్పు ఆపాలనే అందరి మాటా. ముల్లు ఎక్కడ ఆగాలో తేలక ఏటా రెండుసార్లు మార్పే.

మన దేశ కాలరేఖ 82.5 డిగ్రీలది. కాకినాడ దాపునుంచే పోతుంది, కుదురుగా ఉంటుంది. అయినా న్యూయార్క్‌లో పది గంటల మీటింగు వేసవిలో మాదాపూర్‌కి రాత్రి ఏడున్నర, నవంబరులో ఎనిమిదిన్నర. మొన్న నవంబరులో అర్ధరాత్రి దాటాక క్యాబ్ ఎక్కితే డ్రైవరు అడిగాడు:

"మళ్లీ మార్చారా సార్ టైము?"

"మార్చారు."

"ఆపేస్తామన్నారంట కదా?"

"అన్నారు."

అద్దంలో నా మొహం చూసి నవ్వాడు. "మా ఊరి రోడ్డు కూడా ఇట్లనే సార్. వేస్తమన్నరు."