స్మార్ట్ అల్లుడు

అమెరికాలో రెండో కూతురికి పురుడు పోసి అత్త తిరిగొస్తోంది. దోహా మీదుగా వచ్చే విమానం, తెల్లవారుజామున దిగుతుంది. 2008లో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎయిర్‌పోర్టు డ్యూటీ అల్లుడిదే. కారు మాత్రం మామది. ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరైన మామ పక్క సీట్లో కూర్చున్నాడు.

మెహదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కింది మొదలు ఆరాంఘర్‌లో దిగేదాకా, 11.6 కిలోమీటర్ల పొడుగునా అల్లుడి నోట ఒకటే జపం: స్మార్ట్ వాచీ, స్మార్ట్ టీవీ, స్మార్ట్ సిటీ. మామలోని లెక్చరరు ఉండబట్టలేకపోయాడు.

“స్మార్ట్ అంటే మొదట తెలివి కాదురా, మంట! వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో చురుక్కుమనే నొప్పి. జర్మన్లు నొప్పిని ఇప్పటికీ ష్మెర్ట్స్ అంటారు. రెండూ ఒక తల్లి బిడ్డలే. హామ్లెట్ నాటకంలో రాజు అంతరాత్మకు తగిలిన కొరడా దెబ్బను షేక్‌స్పియర్ స్మార్ట్ అనే అన్నాడు. చురుక్కుమనేది కాస్తా చురుకైంది. 17వ శతాబ్దానికి ఆ చురుకు తెలివైంది, ఆ తర్వాత సోకైంది. నీ ఫోనుకు తగులుకున్నది మొన్న మొన్న. కంట్లో సబ్బు పడితే ఇంగ్లీషువాడు నేటికీ కళ్లు స్మార్ట్ అవుతున్నాయనే అంటాడు.”

“గా మంట మనకెందుకు మామా!” అని నవ్వాడు అల్లుడు.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు రోడ్డెక్కాక ఫోను చూశాడు. “విమానం గంట లేటంట. పార్కింగుకు పైసలెందుకు దండగ?” అంటూ రోడ్డు వారన ఆగి ఉన్న బండ్ల వెనకాలే కారు ఆపి, నాలుగు పక్కలా ఇండికేటర్లు వేశాడు. “స్మార్టేరా అల్లుడూ!” అని మెచ్చుకుని మామ సీటు వెనక్కి వాల్చాడు.

సామాన్లు తీసుకుని అత్త ఫోను చేసింది. వెళ్లి గబగబా ఎక్కించుకున్నారు. పార్కింగుకు రూపాయి కట్టకుండా ఇల్లు చేరారు.

మూడోనాడు మామ ఫోను మోగింది. ఈ-చలానా, రాంగ్ పార్కింగ్. తెరిస్తే ఫొటో కూడా ఉంది. కారు నంబరు, మిణుకుమనే ఇండికేటర్లు, ముందు సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న మామ.

వెంటనే అల్లుడికి ఫోను కొట్టాడు. “పార్కింగు పైసలు మిగిల్చానన్నావు. అంతకు పదింతలు పడింది కదరా! ఇదేనా నీ స్మార్టు?”

“బండి నీ పేరు మీదుంది కద మామా,” అన్నాడు అల్లుడు తాపీగా. “నువ్వు చెప్పిన అర్థాలు రెండూ కరెక్టే. కొత్తది నాకు, పాతది నీకు.”