వర్షాధారపు వంశవృక్షం

ఒక కుటుంబపు పూర్వికులు ఎవరు, ఎక్కడినుంచి వచ్చారు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్న ప్రశ్నలకు సాక్ష్యాధారాలతో సమాధానం వెతికే విద్యను వంశావళి పరిశోధన అంటారు. పాశ్చాత్య దేశాలలో ఈ విద్యకు సంఘాలున్నాయి. బోస్టన్‌లో 1845లోను, యూటాలో 1894లోను, లండన్‌లో 1911లోను ఏర్పడినవి వాటిలో పేరుమోసినవి కాగా, చిన్న పట్టణాలలో సైతం ఇలాంటి సంఘాల సభ్యులు గ్రంథాలయపు గదులలో కూడి, చర్చి రిజిస్టర్లను, జనగణన పట్టీలను ఎలా చదవాలో కొత్తవారికి ఓపికగా నేర్పుతారు. అనంతపురం జిల్లా విడపనకల్లులో అటువంటి సంఘం లేదు. అంతమాత్రాన అక్కడివారికి వంశాల మీద ఆసక్తి లేదనుకోవడం తొందరపాటు. అధ్యక్షుడు, కార్యదర్శి, చందా రసీదు పుస్తకం లేవన్న మాటే గాని, సమావేశం మాత్రం పెళ్లి పందిళ్లలో, రచ్చకట్ట మీద, గుంతకల్లు బస్సులో ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటుంది. “యావూరప్పా మీది? ఎవురి కొడుకువి?” అన్న ప్రశ్నతో సభ ప్రారంభమై, చుట్టరికం తేలేవరకో ఒకరు దిగవలసిన ఊరు వచ్చేవరకో, ఏది ముందయితే అంతవరకు కొనసాగుతుంది.

ఈ సభ కార్యసూచిలో ఒకే అంశం: వరస కలపడం. ఇద్దరు వ్యక్తులు ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలో నిర్ణయించే బంధుత్వ స్థానానికి వరస అని పేరు. మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడాలు తరతరాలుగా సాగిన రాయలసీమలో ఈ నిర్ణయం ఎంత జటిలమో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. అక్క కూతురిని పెళ్లాడినవాని కొడుక్కు తల్లిని కన్న అవ్వే తండ్రి తోబుట్టువైన మేనత్త కూడా అవుతుంది. నాయనమ్మ తల్లివైపునుంచి ముత్తవ్వ అవుతుంది. మేనత్త కూతురు వదిన గనుక, లెక్కను ఇంకొక అడుగు ముందుకు జరిపితే కన్నతల్లే వదిన వరసకు వస్తుంది. ఊరిపెద్దలు ఆ అడుగుకు ముందే మర్యాదగా లెక్క ఆపుతారు. కంప్యూటర్లకు ఆ సంస్కారం ఉండదు; విదేశీయులు తయారుచేసిన వంశవృక్షపు సాఫ్ట్‌వేర్లు ఒక మనిషికి ఒక గడి, ఇద్దరి నడుమ ఒక గీత అన్న నమ్మకం మీద నిర్మితమైనవి కాగా, ఇక్కడి వంశంలో కొమ్మ తిరిగివచ్చి తాను పుట్టిన మానులోనే కలుస్తుంది గనుక, దీనిని వృక్షమని పిలవడం వృక్షశాస్త్రం అంగీకరించే విషయం కాదు.

అయితే ఈ వంశవృక్షానికి గల అసలు లక్షణం దాని ఆకారం కాదు, దాని పరిమాణం స్థిరంగా ఉండకపోవడం. వర్షాన్ని బట్టి దిగుబడి మారే మెట్టసీమలో, అవసరాన్ని బట్టి వంశం పెరగడం, తరగడం సహజమే కాబోలు. పెళ్లి సంబంధం కావలసి వచ్చినప్పుడు అది గరిష్ఠ విస్తృతికి చేరుకొని, ఉరవకొండ, కణేకల్లు, బళ్లారి మీదుగా ఉద్యోగస్థుడైన ప్రతి వరుడినీ తన నీడలోకి తెచ్చుకుంటుంది. చావు జరిగి, పదిరోజుల మైల పట్టవలసిన జ్ఞాతులు, అంటే ఒకే మూలపురుషుని మగసంతతికి చెందిన అన్నదమ్ముల కుటుంబాలవారు ఎవరెవరని తేల్చవలసి వచ్చినప్పుడు అది మధ్యస్థంగా ఉంటుంది; నల్లరేగడిలో పప్పుశనగ కోతకు వచ్చిన రోజులలో మాత్రం ఒకటి రెండు శాఖలకు తమ మూలపురుషుడు వేరన్న సంగతి హఠాత్తుగా గుర్తుకు వస్తుంది. భూమి పంచుకోవలసి వచ్చేసరికి ఆ మహావృక్షం ఒక్క కొమ్మకు కుదించుకుపోతుంది, ఆ కొమ్మ మీద వాంగ్మూలం ఇస్తున్న వ్యక్తి ఒక్కడే కూర్చుని ఉంటాడు.

రెవెన్యూ కార్యాలయంలో “వంశవృక్షం” అన్న మాట అలంకారం కాదు. వారసులను నిర్ధారించడానికి దాఖలు చేయవలసిన కాగితం పేరే అది. పరిశోధనా పద్ధతిని ఇంత కఠినంగా నేర్పే పాఠశాల మరొకటి లేదు. అడంగల్ అంటే ఏ సర్వే నంబరు ఎవరి అనుభవంలో ఉందో, అందులో ఏ పైరు ఉందో చూపే గ్రామ లెక్క. 1-బి అంటే హక్కుదారు పేరిట ఉన్న భూమి వివరం. వీటి వెనుక, భూమి శిస్తును తిరిగి నిర్ణయించినప్పుడు రాసిన, సుమారు నూరేళ్ల కిందటి రీసెటిల్‌మెంట్ రిజిస్టరు ఉంటుంది. అక్షరం రాని రైతు కూడా ఈ మూడింటి తేడాను న్యాయవాదికి వివరించగలడు. ఆ పాత రిజిస్టరులో పట్టాదారు ఎవరో తేలని చోట ఆనాటి ఉద్యోగులు పేరుకు బదులు చుక్కలు పెట్టి వదిలేశారు. చుక్కల భూములని పేరుపడిన ఈ పొలాల చిక్కు విప్పడానికి 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చింది. లండన్ సంఘపు సభ్యుడు తన పూర్వికుని సంతకం చూసి పొంగిపోతాడు. ఇక్కడి వారసుడు ఆ చుక్కలే తన ముత్తాత అని రుజువు చేసుకోవాలి.

చట్టాలకు కొమ్మలు మొలిపించే శక్తి కూడా ఉంది. మగపిల్లల పేర్లతోనే తృప్తిపడే కాగితపు వంశవృక్షంలో ఆడపిల్ల జాడ ఉండేది కాదు. హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరునుంచి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన భాగం ఇవ్వగా, 2005లో కేంద్ర సవరణ కూతుళ్లందరినీ కొడుకులతో సమానం చేసింది. అంతవరకు గుర్తులేని చెల్లెళ్లు ఆ తరువాత అన్నలకు స్పష్టంగా గుర్తుకు వచ్చారు, ప్రేమతో కొంత, సంతకం కోసం కొంత. నిజానికి వంశచరిత్రలో సగం ఎప్పుడూ ఆ చెల్లెళ్ల దగ్గరే ఉంది. ఏ పిల్లను ఏ ఊరికి ఇచ్చారో, ఏ కోడలు ఏ ఇంటినుంచి వచ్చిందో మగవారు తేదీలతో సహా తప్పు చెబుతారు, ముసలమ్మలు తేదీలు లేకుండా ఒప్పు చెబుతారు.

తేదీల సంగతి వేరే చెప్పుకోవాలి. పాతతరంలో చాలామందికి పుట్టినరోజును నిర్ణయించినది తల్లి కాదు, బడిలో చేర్చుకున్న ఉపాధ్యాయుడు. అందువల్ల ఆ రిజిస్టర్లను నమ్మితే ఊరి జనాభాలో అధికభాగం జూలై 1వ తేదీన పుట్టినట్టు తేలుతుంది. అంతకు ముందరి కాలానికి సంవత్సరాల పేర్లే గతి. 1876–78 నాటి మహా క్షామాన్ని ధాత కరువు అంటారు. తాతగారు ధాతలో పుట్టారన్న మాట ఇంట్లో నిలిచి ఉంటే పరిశోధకుడు సంతోషించవచ్చు, కాని అరవై ఏళ్ల చక్రంలో ధాత మళ్లీ 1936లోను, 1996లోను వచ్చింది గనుక ఏ ధాత అని అడగక తప్పదు. దీనికి తోడు తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం వల్ల తిమ్మప్ప కొడుకు హనుమంతప్ప, హనుమంతప్ప కొడుకు తిమ్మప్పగా ఎన్ని తరాలైనా రెండే పేర్లు వంతులవారీగా పనిచేస్తాయి. అక్కడ పెంటప్ప అన్న పేరు తగిలితే మాత్రం పరిశోధకుడు ఆగి చూడాలి: పుట్టిన పిల్లలు దక్కని ఇంట, మృత్యువు కన్నుపడకుండా బిడ్డను పెంటమీద పడుకోబెట్టి ఆ పేరు పెట్టేవారు గనుక, ఏ రిజిస్టరుకూ ఎక్కని ఒకరిద్దరు అన్నలో అక్కలో ఆ పేరుకు ముందు ఉండి ఉంటారు.

వృత్తిగా వంశాలను కాపాడినవారూ ఉండేవారు. కరణాలు తాటాకుల మీద రాసి ఉంచిన గ్రామ లెక్కలను, ఊరి చరిత్రలను కవిలెలు అంటారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 19వ శతాబ్ది తొలి దశాబ్దాలలో సేకరింపజేసిన గ్రామ వృత్తాంతాలకు, అనగా కైఫీయత్తులకు, అవి ముఖ్యమైన ఆధారాలు. 1984లో కరణాల వ్యవస్థ రద్దు కాగా, వారి జ్ఞాపకాన్ని స్వాధీనం చేయించుకునే ఏర్పాటు ఏ ఉత్తర్వులోనూ కనబడదు. రెడ్ల, కాపుల ఇంటిపేర్లు, గోత్రాలు కథగా పాడే పిచ్చుకుంట్లవారు, నేడు వంశరాజులుగా పిలవబడేవారు, ఇంటింటికీ వచ్చి ముత్తాతల వైభవాన్ని వినిపించేవారు. గింజలు ధారాళంగా పోసిన ఇంటి ముత్తాత మరికొంత వీరుడయ్యేవాడని అనుమానించడానికి వీలుంది.

ఇంటిపేరు కూడా కొంతవరకే దారి చూపుతుంది. ఊరిపేరు ఇంటిపేరైన చోట అది వదిలి వచ్చిన ఊరినే చెబుతుంది గనుక, విడపనకల్లు అనే ఇంటిపేరు గలవారిని వెతకవలసిన చోటు విడపనకల్లు కాదు. 1882లో బళ్లారినుంచి అనంతపురం జిల్లా వేరయిందని, 1953లో ఆ బళ్లారి మైసూరులో కలిసిందని మరచినవారు ముత్తాత కాగితాల కోసం తప్పు కచేరీలో ఎన్నాళ్లయినా కూర్చోవచ్చు. విచిత్రమేమంటే, ఊరు వదిలి సముద్రం దాటినవారి వివరాలే భద్రంగా ఉన్నాయి. 1860లో మద్రాసునుంచి బయలుదేరిన ట్రూరో ఓడ మొదలు, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలను చేర్చిన ఓడల పట్టీలలో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, కులం, ఒంటిమీది పుట్టుమచ్చలతో సహా నమోదయ్యాయి. డర్బన్‌లోని తెలుగు కుటుంబం ఆ పట్టీ పట్టుకొని వెతుక్కోగలదు. కదలకుండా కూర్చున్నవారి పుట్టుమచ్చలను రాసుకోవలసిన అవసరం ఏ ప్రభుత్వానికీ కలగలేదు.

కొత్తగా ఈ విద్యలో దిగదలచినవారు గ్రామంలోకి పాసుపుస్తకం నకలుతోను, ప్లాస్టిక్ కవరులో కాగితాలతోను ప్రవేశించకపోవడం మంచిది; అటువంటివారికి ఎవరికీ ఏ తాతా గుర్తుండడు. చరిత్ర రాసుకుంటున్నామన్న సమాధానం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే దానిని ఎవరూ నమ్మరు, భాగానికి వచ్చారనే అనుకుంటారు. పెళ్లి సంబంధం చూస్తున్నామని చెబితే ఏడు తరాలు, మూడు జిల్లాలు, రెండు రాష్ట్రాల చుట్టరికం మంచినీళ్ల చెంబుతో పాటే ఎదుటికి వస్తుంది. అయితే పొద్దుగూకేలోగా నిజంగానే ఒక సంబంధం కుదిరిపోయే అవకాశం ఉంది గనుక, అవివాహితుడైన పరిశోధకుడు వెంట ఒక పెద్దమనిషిని తీసుకువెళ్లడం, కట్నకానుకల మాట వచ్చేలోగా బస్సు వేళ కనుక్కొని ఉంచుకోవడం అవసరం.