అమ్మ పడితే ముందు మీకు తెలియకూడదు

హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండి, మానుకోటలో ఒంటరిగా ఉన్న అమ్మకు పడిపోతే పసిగట్టే వాచీ కట్టాలనుకుంటున్న కొడుకులకు, బిడ్డలకు ఈ సలహాలు. తలకిందులుగా ఉన్నాయని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు నాతో తగువు పెట్టుకున్నారు. అయినా చెప్తాను.

వాచీ కొనకముందే మాటివ్వండి. "నువ్వు పడ్డా సరే, నీకు ఇష్టం లేకుండా పట్నం తీస్కపోం" అని, అక్కాబావల ముందు. మా అమ్మ పది రోజులు కట్టుకుని వాచీని బియ్యం డబ్బాలో పెట్టేసింది. "నేనేమన్న చిన్నపిల్లనా బిడ్డా, నడుసుకుంట పడిపోతానికి?" అంది. నామోషీ అనుకున్నాను. తర్వాత ఒకనాడు జాలారిలో జారిపడి, పొద్దెక్కేదాకా లేవలేకపోయింది. పక్కింటి చిన్నమ్మ వస్తే ఆమెతో అన్న మొదటి మాట, "పెద్దోనికి చెప్పకు." ఆమె భయం పడటం గురించి కాదు. పడ్డానని తెలిస్తే ఈ వాకిలి విడిపించి మూడో అంతస్తులో కూర్చోబెడతారని. ఆ భయం తీరనంతకాలం ఎంత మంచి యంత్రమైనా డబ్బాలోకే పోతుంది.

అత్యవసర నంబర్లలో మీ పేరు మొదట పెట్టుకోకండి. యాపిల్ వాచీలో పడిపోతే పసిగట్టే సదుపాయం 2018లో వచ్చింది. గట్టిగా పడ్డ మనిషి సుమారు నిమిషం కదలకపోతే అదే అత్యవసర సేవలకు ఫోన్ చేసి, మనం రాసిపెట్టిన వాళ్లకు కబురు పంపుతుంది. ఆ కబురు చూసి మీరు సికింద్రాబాద్‌లో రైలెక్కి ఎప్పుడు చేరతారు? చిన్నమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వస్తుంది. ఆమెను అడిగి ఆమె నంబరు పెట్టండి. ఇంటి తాళంచెవి ఒకటి ఆమె దగ్గరుంచండి. లోపలి గడియ మాన్పించి, బయటి నుంచి చెవితో తీయగలిగే తాళం వేయించండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 బండి గల్లీలోకి వచ్చినా, తలుపు తీసే చెయ్యి కావాలి. పెద్దల కోసం ఉన్న 14567 పింఛనుకు, ఆస్తి గొడవలకు, మాటసాయానికి పనికొస్తుంది, అదీ ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. నడిరాత్రి పడ్డ మనిషికి 108 ఒక్కటే గుర్తుండాలి.

వాచీ తీసేసే హక్కు ఆమెకే వదలండి. రోట్లో కారం దంచుతుంటే అది మోగొచ్చు. ఆపడం నేర్పండి. ఆపిన ప్రతిసారీ ఫోన్ చేసి ఆరా తీయకండి, దొంగను పట్టుకున్నట్టుంటుంది. స్నానానికి ఎలాగూ తీస్తుంది, పడేదేమో అక్కడే. కాబట్టి వాచీకి పెట్టే డబ్బులో కొంత ముందు జాలారికి పెట్టండి: నున్నటి బండ తీసేసి గరుకు గచ్చు, గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రంతా వెలిగే బల్బు. కెమెరా మాత్రం పెట్టకండి, ఎంత ప్రేమతోనైనా సరే.

మా అమ్మ వాచీ ఇప్పుడు దర్వాజ పక్కన మొలకు వేలాడుతుంది. రాత్రి పెరట్లోకి లేచినప్పుడు తనే తీసి కట్టుకుంటుందని చిన్నమ్మ చెప్పింది. నేను అమ్మను ఏమీ అడగలేదు.